లిమిట్ మూడు, చెరువులో ఒక్కటీ లేదు: వుడ్ డక్ లెక్క ఎక్కడ తేడా కొడుతోంది

క్లుప్తంగా: అమెరికా తూర్పు సగంలో ఒక వేటగాడు రోజుకి మూడు వుడ్ డక్‌ల వరకు కొట్టొచ్చు. 2008కి ముందు రెండే. ఈ అంకెను ఒక ఊరి చెరువు చూసి పెట్టలేదు, కెనడా నుంచి గల్ఫ్ తీరం దాకా తిరిగే మొత్తం మందను చూసి పెట్టారు. ఒక చెరువులో బాతులు తగ్గాయంటే ఎక్కువసార్లు నీళ్లు, చెట్టు తొర్రలు, ఓక్ కాయలు, చలి వీటిలోనే కారణం దొరుకుతుంది. అయితే ఈ జాతిలో ఆడ బాతు తను పుట్టిన చోటికే తిరిగొచ్చి గుడ్లు పెడుతుంది కాబట్టి స్థానికంగా వేట దెబ్బ తగలడం కూడా ఉత్త మాట కాదు. ఆ దెబ్బ ఎంత అన్నది రోజుకి ఎన్ని కొట్టారన్న దానికంటే ఏ తేదీల్లో, ఎన్నిసార్లు కొట్టారన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది.

జనవరి చివర్లో సీజన్ ముగిసే సమయానికి అమెరికా దక్షిణాది వేటగాళ్ల మధ్య ప్రతి ఏడూ ఒకటే గొడవ. "మా వాగులో బాతులే లేవు, వీళ్లేమో మూడు కొట్టుకోమంటున్నారు" అని ఒకరు. పక్క కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఉన్నతను "మాకు పదిహేను నిమిషాల్లో లిమిట్ అయిపోయింది, నాలుగు చేస్తే ఏం పోయింది" అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. ఇద్దరూ చూసింది తమ చెరువుని, లిమిట్ పెట్టేవాళ్లు చూసేది ఇంకోదాన్ని.

ముందు బాతు సంగతి

వుడ్ డక్ అంటే చెట్టు బాతు అనుకోవచ్చు. అందరికీ తెలిసిన మల్లార్డ్ అనే అడవి బాతు కంటే బాగా చిన్నది, ఆరేడు వందల గ్రాములుంటుంది. మగది పెళ్లికొడుకులా ఉంటుంది: ఆకుపచ్చ తల, వెనక్కి దువ్వినట్టున్న జుట్టు, ఎర్ర కళ్లు, తెల్ల గీతలు. ఆడది బూడిద రంగు, కంటి చుట్టూ తెల్లగా కన్నీటి బొట్టు ఆకారంలో ఒక మచ్చ. బెదిరి లేచినప్పుడు ఆడది పెట్టే కీచు అరుపు వల్ల కొన్ని చోట్ల దీన్ని స్క్వీలర్ అంటారు, మామూలు వాడుకలో అయితే వుడీ. దీనికి ప్రపంచంలో దగ్గర చుట్టం ఒక్కటే, తూర్పు ఆసియాలోని మాండరిన్ బాతు.

నార్త్ కరొలినాలోనో జార్జియాలోనో న్యూజెర్సీలోనో ఉంటున్న మన తెలుగువాళ్లు చాలామంది పేరు తెలియకుండానే దీన్ని చూసి ఉంటారు. ఇళ్ల వెనక వాననీటి కుంటల్లో, చెట్ల నీడ పడే అంచుల్లో జతలుగా తిరుగుతుంది. మనిషి కనపడగానే మాయమవుతుంది.

ఇక్కడ ముఖ్యమైన సంగతి గూడు. ఈ బాతు గడ్డిలో గుడ్లు పెట్టదు, చెట్టు తొర్ర కావాలి. తొర్ర తొలుచుకునే ముక్కు దీనికి లేదు. పైలియేటెడ్ అనే పెద్ద వడ్రంగి పిట్ట తొలిచి వదిలేసిందో, కొమ్మ విరిగిన చోట కుళ్లి ఏర్పడిందో దొరకాలి. అలాంటి తొర్రలు ముసలి చెట్లకే ఉంటాయి. అందులో పది నుంచి పదిహేను గుడ్లు, దాదాపు ముప్ఫై రోజుల పొదుగు. పిల్లలు బయటికొచ్చిన మర్నాడే తల్లి కింద నీళ్లలోనో ఆకుల మీదో నిలబడి పిలుస్తుంది, రోజు వయసున్న పిల్లలు ఒక్కొక్కటే తొర్ర అంచుకి ఎగబాకి యాభై అడుగుల ఎత్తు నుంచైనా సరే దూకేస్తాయి. దూది ఉండల్లా పడి, ఒకసారి ఎగిరి, లేచి తల్లి వెంట నడుస్తాయి. దక్షిణాదిలో ఒకే ఏడాదిలో రెండోసారి కూడా పిల్లల్ని చేసే ఆడవి ఉంటాయి. ఉత్తర అమెరికా బాతుల్లో ఇలా మామూలుగా రెండు ఈతలు పెంచేది ఇదొక్కటే.

ఈ రెండు ఈతల సంగతి గుర్తుపెట్టుకోవాలి. వేటని తట్టుకునే శక్తి దీనికి ఎక్కడి నుంచి వచ్చిందో అందులో సగం సమాధానం ఉంది.

అంకె ఎలా మారుతూ వచ్చింది

పంతొమ్మిదో శతాబ్దం చివరికి ఈ బాతు పని అయిపోయిందనే అనుకున్నారు. మాంసం కోసం, ఈకల కోసం మార్కెట్‌కి కొట్టేవాళ్లు. అప్పట్లో ఎండాకాలంలో కూడా వేట ఉండేది, అంటే పొదుగుతున్న తల్లుల్నీ వదల్లేదు. మరోపక్క నదుల పక్కనున్న పల్లపు అడవుల్ని నరికేశారు, చిత్తడి నేలల్ని ఎండగట్టారు, వాగులకి కట్టలు కట్టి నీళ్లు నిలిపే బీవర్లనే జంతువుల్ని తోలు కోసం దాదాపు తుడిచిపెట్టారు. అంటే ఒకేసారి బాతునీ కొట్టారు, దాని ఇల్లూ కూల్చారు.

1916లో అమెరికా, కెనడా తరఫున బ్రిటన్ వలస పక్షుల ఒప్పందం చేసుకున్నాయి. అందులో వుడ్ డక్‌కి పేరుపెట్టి ప్రత్యేక రక్షణ రాశారు, దానికి సూచించిన మార్గాల్లో ఒకటి కనీసం ఐదేళ్లు వేట ఆపడం. 1918లో చట్టం వచ్చింది. ఐదేళ్లన్నది చివరికి ఇరవై మూడేళ్లయింది. 1941లో గానీ కొన్ని రాష్ట్రాల్లో రోజుకి ఒక్కటి కొట్టుకోవచ్చని మళ్లీ తలుపు తెరవలేదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు తూర్పున రెండు దగ్గరే ఆగింది. 2008-09 సీజన్‌లో అట్లాంటిక్, మిసిసిపి వలస దారుల్లో (పక్షుల రాకపోకల్ని బట్టి దేశ తూర్పు సగాన్ని ఇలా రెండు భాగాలుగా చూస్తారు) మూడు చేశారు. ఇప్పుడు ఆ రెండు దారుల్లో రోజుకి మొత్తం ఆరు బాతులు, అందులో వుడ్ డక్‌లు మూడుకి మించకూడదు, సీజన్ గరిష్ఠంగా 60 రోజులు. పసిఫిక్ దారిలో రోజుకి మొత్తం ఏడు బాతులు, వుడ్ డక్‌కి వేరే గీత లేదు, ఎందుకంటే అక్కడ అవి ఎలాగూ తక్కువమందికే తగులుతాయి.

ఒక చిన్న గందరగోళం ఇక్కడే తీర్చేయాలి. కేంద్రం, అంటే ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్, బయటి గీత మాత్రమే గీస్తుంది. ఆ గీత లోపల తేదీలు, కోటా రాష్ట్రం ఎంచుకుంటుంది. రాష్ట్రం కావాలంటే ఇంకా బిగించొచ్చు, వదులు చేయడం మాత్రం కుదరదు. ఇంకొకటి, 2016-17 సీజన్ నుంచి నిర్ణయాలు చాలా ముందే జరుగుతున్నాయి. ఈ వసంతంలో లెక్కించిన బాతుల ప్రభావం ఈ శీతాకాలం సీజన్ మీద ఉండదు, వచ్చే ఏడాది మీద ఉంటుంది. "మొన్నే కరువొచ్చింది, అయినా లిమిట్ తగ్గించలేదేం" అని అడిగేవాళ్లకి సగం జవాబు ఈ క్యాలెండరే.

ఆకాశం నుంచి కనపడని బాతుని ఎలా లెక్కేస్తారు

మల్లార్డ్ లాంటి బాతుల్ని మే నెలలో విమానాల్లోంచి లెక్కపెడతారు. 1955 నుంచి జరుగుతున్న పద్ధతి అది. గడ్డి మైదానాల్లోని గుంటల్లో బాతు కూర్చుంటే పైనుంచి తేటగా కనిపిస్తుంది. వుడ్ డక్ చెట్ల కింద నీళ్లలో ఉంటుంది. విమానంలోంచి చూస్తే ఆకులే. కాబట్టి దీనికి వేరే దారులు పట్టాల్సి వచ్చింది.

అందులో అసలైనది కాలి రింగు. జులై నుంచి సెప్టెంబర్ దాకా రాష్ట్రాల ఉద్యోగులు నీటి అంచున మొక్కజొన్న గింజలు చల్లి, బాతులు అలవాటు పడ్డాక వల విసిరి పట్టి, కాలికి అల్యూమినియం రింగు వేసి వదిలేస్తారు. రింగు మీద ఒక నంబరు ఉంటుంది. ఆ బాతు వేటలో పడితే వేటగాడు నంబరు చెప్తాడు, ఎక్కడ రింగు వేశారో ఎప్పుడు వేశారో అతనికి ఒక సర్టిఫికెట్ వస్తుంది. చాలామంది వేటగాళ్లు ఆ రింగుల్ని మెడలో తాడుకి గుచ్చుకుని వేసుకుంటారు, అదో పతకం వాళ్లకి.

రెండోది రెక్క. కొంతమంది వేటగాళ్లని యాదృచ్ఛికంగా ఎంచి కవర్లు పంపుతారు. కొట్టిన ప్రతి బాతు నుంచి ఒక రెక్క కోసి పోస్ట్ చేయాలి. శీతాకాలంలో నిపుణులు ఒక చోట కూర్చుని, బల్లల మీద వేల రెక్కలు పరిచి, ఒక్కోటి తిప్పి చూసి జాతి, వయసు, ఆడా మగా తేలుస్తారు. వుడ్ డక్ రెక్కలో వెనక అంచు ఈకల చివర తెలుపు కన్నీటి బొట్టులా ఉంటే ఆడది, సన్నటి గీతలా సాఫీగా ఉంటే మగది. ఇంత చిన్న గుర్తు మీద ఒక ఖండం లెక్క నడుస్తోంది. ఆ ఏడు పుట్టిన పిల్లలు ఎన్ని, పెద్దవి ఎన్ని అన్నది కూడా ఇక్కడే తేలుతుంది. పెద్ద ఆడ బాతుకి ఎన్ని పిల్లలు వచ్చాయో చూస్తే ఆ ఏడాది ఈతలు బాగున్నాయో లేదో తెలిసిపోతుంది.

ఈ రెండూ కలిపితే ఒక సులువైన లెక్క వస్తుంది. 1930లో ఫ్రెడరిక్ లింకన్ అనే పక్షి శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి. ఉదాహరణకి అనుకుందాం: వెయ్యి బాతులకి రింగులు వేశారు, అందులో వంద వేటలో పడ్డాయి. అంటే పదిలో ఒకటి. రెక్కల సర్వే ప్రకారం మొత్తం లక్ష వుడ్ డక్‌లు కొట్టారనుకుంటే, పదిలో ఒకటి లక్ష అయినప్పుడు మొత్తం మంద పది లక్షలు. చేపల చెరువులో కొన్నిటికి గుర్తు పెట్టి వదిలి, వల వేసి గుర్తున్నవి ఎన్ని పడ్డాయో చూసే లెక్కే ఇది. మధ్యలో ఒక చిక్కుంది, రింగు దొరికిన ప్రతివాడూ చెప్పడు. ఉత్తరం రాయాల్సిన రోజుల్లో మూడో వంతు మందే చెప్పేవాళ్లు. 1990లలో ఉచిత ఫోన్ నంబరు రింగు మీదే కొట్టడం మొదలుపెట్టాక చెప్పేవాళ్లు రెట్టింపు దాటారు. ఈ తేడా సరిచేయకుండా పాత లెక్కనీ కొత్త లెక్కనీ పక్కపక్కన పెడితే వేట ఒక్కసారిగా పెరిగినట్టు కనపడుతుంది. నిజానికి పెరిగింది ఫోన్లు.

వీటికి తోడు 1966 నుంచి రోడ్ల వెంట జరుగుతున్న సంతానకాల పక్షుల సర్వే ఉంది. వుడ్ డక్‌లకి అది అంత అతికినట్టు సరిపోదు, రోడ్డు పక్కన ఆగి మూడు నిమిషాలు చూస్తే కనపడే పిట్ట కాదిది. అయినా అర్ధశతాబ్దం గీత ఎటు పోతోందో చెప్పడానికి పనికొస్తుంది. ఆ గీత మొత్తం మీద పైకే ఉంది.

రెండు మూడైతే సగం ఎక్కువ చస్తాయా

కాగితం మీద రెండు నుంచి మూడు అంటే యాభై శాతం పెంపు. నేల మీద అలా ఉండదు, ఎందుకంటే లిమిట్ దాకా కొట్టే వేటగాళ్లు తక్కువ. ఊహించుకున్న అంకెలే అనుకోండి: వందమంది ఒక ఉదయం వెళ్లారు. అరవైమందికి వుడ్ డక్ ఒక్కటీ పడలేదు. పాతికమందికి ఒకటి. పదిహేనుమందికి రెండు. మొత్తం 55 బాతులు. ఇప్పుడు లిమిట్ మూడు చేస్తే ఆ అరవైమందికీ ఆ పాతికమందికీ ఏ తేడా లేదు. మిగిలిన పదిహేనుమందిలో ఐదుగురికి మూడోది తగిలిందనుకుంటే 60 అవుతాయి. యాభై శాతం పెంపు అన్నది తొమ్మిది శాతం దగ్గర తేలింది.

అందుకే వేటని నిజంగా పెంచేవీ తగ్గించేవీ ఎంతమంది వేటకెళ్తున్నారు, ఎన్ని రోజులు వెళ్తున్నారు అన్న రెండే. 1970ల మొదట్లో అమెరికాలో ఏడాదికి 24 లక్షల దాకా డక్ స్టాంపులు అమ్ముడయ్యేవి. ఈ స్టాంపు లేకుండా పదహారేళ్లు దాటినవాళ్లు బాతుల వేటకి వెళ్లకూడదు. ఇప్పుడది 15 లక్షల చుట్టూ ఉంది, అందులోనూ స్టాంపులు సేకరించేవాళ్లు, పక్షుల్ని చూడ్డానికి వెళ్లేవాళ్లు కొంతమంది. తుపాకులు తగ్గాయి, లిమిట్ ఒకటి పెరిగింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడకుండా "లిమిట్ పెంచి నాశనం చేశారు" అనడం తొందరపాటే.

ఇక చచ్చినవి చచ్చినట్టే కదా, ఒకటి ఎక్కువ కొట్టినా మంద ఒకటి తగ్గుతుంది కదా అన్న ప్రశ్న. 1976లో డేవిడ్ ఆండర్సన్, కెనెత్ బర్న్‌హామ్ మల్లార్డ్‌ల మీద చేసిన పని దీన్ని తిరగరాసింది. శీతాకాలంలో ఎలాగూ కొన్ని బాతులు ఆకలికి, జబ్బుకి, వాటిని వేటాడే జంతువులకి పోతాయి. వేటలో కొన్ని పోతే మిగిలినవాటికి తిండి, చోటు ఎక్కువ దొరికి అవి బతికే అవకాశం పెరుగుతుంది. ఒక హద్దు దాకా ఇలా సర్దుబాటవుతుంది. హద్దు దాటితే ప్రతి తూటా అదనపు నష్టమే. అంటే పోట్లాట అంతా ఆ హద్దు ఎక్కడన్న దాని మీదే. వుడ్ డక్‌కి ఆ హద్దు ఇంకా దూరంగానే ఉందన్నది లిమిట్ పెంచినవాళ్ల అంచనా. గుడ్లు ఎక్కువ, ఈతలు రెండు, మంద పెరుగుతూ ఉంది.

మల్లార్డ్‌లో ఆడవాటికి విడిగా పరిమితి ఉంది, వుడ్ డక్‌లో లేదు. ఇది చాలామందికి అన్యాయంగా కనపడుతుంది. ఆచరణలో మాత్రం సూర్యోదయానికి అరగంట ముందు వేట మొదలవుతుంది, వుడ్ డక్‌లు సరిగ్గా ఆ మసక వెలుతురులోనే చెట్ల మధ్య నుంచి గంటకి యాభై మైళ్ల వేగంతో దూసుకొస్తాయి. ఆ నిమిషంలో ఆడా మగా తేల్చుకోమనడం జరిగే పని కాదు.

చెరువు కథ వేరు

ఇప్పుడు అసలు తగువులోకి రావాలి. మంద బాగుంది సరే, మరి నా వాగులో ఎందుకు లేవు?

మొదటి కారణం నీళ్లు. వుడ్ డక్‌లకి కావాల్సింది అడుగు, అడుగున్నర లోతు నీళ్లు, పైన చెట్లు, మధ్యలో పొదలు. బీవర్ కట్టిన కట్ట వెనక సరిగ్గా అలాంటి చోటే తయారవుతుంది. కట్ట ఒక వానకి తెగితే ఆ ఏడు అక్కడ బాతు ఉండదు. చచ్చిపోలేదు, రెండు మైళ్ల అవతల ఇంకో కట్ట వెనక ఉంది. దీన్ని తిరగేసి చూడాలి కూడా. కరువు ఏడాదిలో నీళ్లున్న ఒక్క చెరువులోకి చుట్టుపక్కలవన్నీ చేరతాయి. ఆ చెరువు గలవాడికి "ఈ ఏడు బాతులు విరగబడ్డాయి" అనిపిస్తుంది. మంద తగ్గిన ఏడాదే అతనికి బంపర్ సీజన్.

రెండోది తిండి. శీతాకాలంలో వీటి ప్రాణం ఓక్ కాయలు. ఓక్ చెట్లు ప్రతి ఏడూ ఒకేలా కాయవు, మన మామిడి లాగే. కాపు ఉన్న ఏడు అడవిలోకి నీళ్లెక్కితే బాతులన్నీ అక్కడ సర్దుకుంటాయి, పొలాల పక్క చెరువుల మొహం చూడవు.

మూడోది చలి. ఉత్తరాన ఒంటారియో, మిచిగన్, న్యూయార్క్ వైపు బాతులు నీళ్లు గడ్డకడితేనే కిందికి దిగుతాయి. దక్షిణ రాష్ట్రాల్లో మాత్రం ఏడాది పొడుగునా ఉండే స్థానికులు ఉన్నాయి. నవంబర్ నుంచి ఆ స్థానికుల్లో వలస వచ్చినవి కలిసిపోతాయి. చూడ్డానికి తేడా ఏమీ ఉండదు, ఒకేలాంటి పిట్టలు. శీతాకాలం వెచ్చగా గడిచిన ఏడు కొత్తవి ఆలస్యంగా వస్తాయి, ఈలోపు తుపాకులన్నీ స్థానికుల మీదే తిరుగుతాయి.

నాలుగోది చాలామంది పట్టించుకోనిది: ఆ చెరువునే రోజూ కొట్టడం. వుడ్ డక్‌లు చీకటి పడ్డాక గుంపుగా ఒకే చోట రాత్రి గడుపుతాయి. సాయంత్రం వేట సూర్యాస్తమయానికే ఆపేయాలి, అవేమో సరిగ్గా ఆ తర్వాతే వందల్లో దిగుతాయి. ఈ ఐదు పది నిమిషాల తేడానే వాటికి కవచం. చట్టం మీరి ఆ మసకలో కాల్చేవాళ్లు ఉంటే గనక ఆ రాత్రి చోటు మొత్తం ఖాళీ అవుతుంది, చుట్టూ ఐదారు చెరువుల్లో మర్నాడు పొద్దున ఒక్కటీ ఎగరదు. చట్టం పాటిస్తూనే వారానికి ఐదు రోజులు అదే గుంటలో కూర్చున్నా ఫలితం దాదాపు అంతే. వారానికి ఒకసారి కొట్టి వదిలేసే చెరువులో సీజన్ చివరిదాకా బాతులుంటాయి. ఇది పాత వేటగాళ్లందరికీ తెలిసిన సంగతే, అయినా లిమిట్ మీద అరిచినంత గట్టిగా దీని గురించి ఎవరూ మాట్లాడరు.

ఇల్లరికపు మొగుళ్లు, పుట్టింటి ఆడవాళ్లు

పైవన్నీ చూస్తే వేటకీ చెరువుకీ సంబంధం లేదని తేల్చేయొచ్చనిపిస్తుంది. అక్కడే ఈ జాతి అలవాటు ఒకటి అడ్డం తిరుగుతుంది.

వుడ్ డక్‌లు జత కట్టేది శీతాకాలంలో, అన్ని ప్రాంతాలవీ కలిసి ఉన్న చోట. వసంతం రాగానే ఆడది తను పుట్టిన చోటికే పోతుంది, చాలాసార్లు నిరుడు పొదిగిన అదే తొర్రకి, లేదా మనుషులు తగిలించిన అదే చెక్క పెట్టెకి. మగది దాని వెంట వెళ్తుంది. ఇల్లరికం అన్నమాట. లూసియానాలో కలిసిన జంటలో మగది ఒహాయోలో పుట్టిందైనా, ఆడది విస్కాన్సిన్‌ది అయితే కాపురం విస్కాన్సిన్‌లోనే.

దీని వల్ల ఏమవుతుంది? ఒక చెరువులో మగవి పది పోయినా వచ్చే ఏడు బయటి నుంచి పది వస్తాయి. ఆడవి పది పోతే ఆ ఖాళీ అంత తొందరగా నిండదు, ఎందుకంటే పక్క కౌంటీ ఆడవాళ్లు తమ పుట్టింటికే పోతారు గానీ ఇక్కడికి రారు. కాబట్టి ఖండం మొత్తం మీద వుడ్ డక్ దర్జాగా ఉన్నా, ఒక వాగులో ఐదారేళ్లు కనపడకుండా పోవడం సాధ్యమే. ఫిర్యాదు చేసేవాడి మాటలో నిజం ఉన్నది ఇక్కడే.

సెప్టెంబర్ సీజన్ మీద అంత జాగ్రత్త ఎందుకో దీన్నిబట్టే అర్థమవుతుంది. కెంటకీ, టెనెసీ, ఫ్లోరిడాల్లో సెప్టెంబర్‌లో ఐదు రోజులు టీల్ అనే చిన్న బాతులతో పాటు వుడ్ డక్‌లని కూడా కొట్టనిస్తారు. ఉత్తరాది వలస అప్పటికి రాదు, కాబట్టి తుపాకీ ముందు ఉండేవి దాదాపు అన్నీ స్థానికంగా పుట్టినవే, ఆ ఏడు పుట్టిన పిల్లలతో సహా. అందుకే అక్కడ రోజుకి ఆరు బాతుల్లో వుడ్ డక్‌లు రెండే, మూడు కాదు. మిగతా రాష్ట్రాలకి అసలు ఆ అవకాశమే లేదు. ఐదు రోజులకి రెండు అన్న అంకె, అరవై రోజులకి మూడు అన్న అంకె పక్కపక్కన పెడితే అధికారులు దేనికి భయపడుతున్నారో స్పష్టంగా కనపడుతుంది. నిజంగా ఒక ఊళ్లో స్థానిక మందని కాపాడాలంటే లిమిట్ మూడు నుంచి రెండుకి దించడం కంటే, సీజన్ మొదలుని రెండు వారాలు ఆలస్యం చేయడం ఎక్కువ పని చేస్తుంది. అప్పటికి ఉత్తరాదివి వచ్చి కలుస్తాయి, దెబ్బ అందరి మీదా సర్దుకుంటుంది.

పెట్టెలు పెడితే చాలా?

1930ల చివర ఇల్లినాయ్‌లో ఫ్రాంక్ బెల్‌రోజ్, ఆర్థర్ హాకిన్స్ చెక్క పెట్టెలు చేసి చెట్లకి తగిలించారు. తొర్రలు లేని చోట పెట్టెల్లో బాతులు గుడ్లు పెట్టాయి. అప్పటి నుంచి ఇది అమెరికాలో పెద్ద అలవాటు. బడి పిల్లలు, స్కౌట్లు, వేట క్లబ్బులు అందరూ పెడతారు.

పెట్టెలో మెలకువలు చాలా ఉన్నాయి. రంధ్రం నిలువున మూడు అంగుళాలు, అడ్డంగా నాలుగు, గుడ్డు ఆకారంలో ఉండాలి. గుండ్రంగా పెద్దది చేస్తే గుడ్లు తినే రకూన్ అనే జంతువు దూరుతుంది. లోపల అడుగున మూడు నాలుగు అంగుళాలు సన్న చెక్క ముక్కలు వేయాలి, ఎందుకంటే ఈ బాతు బయటి నుంచి పుల్ల కూడా తెచ్చుకోదు. రంధ్రం కింద లోపలి గోడకి గరుకుగా వల కొట్టాలి, లేకపోతే పిల్లలు పైకి ఎక్కలేవు. స్తంభానికి కోన్ ఆకారపు రేకు తప్పనిసరి. రేకు లేని పెట్టె రకూన్‌కి, ఎలుక పాముకి టిఫిన్ డబ్బా.

జనవరిలో పెట్టె మూత తీసి చూస్తే ఏం జరిగిందో చదివేయొచ్చు. మెత్తటి ఈకల్లో పగిలిన పెంకులు, వాటి నుంచి విడిపోయి ఎండిన తోలు లాంటి పొరలు ఉంటే పిల్లలు దిగి వెళ్లాయని అర్థం. చల్లబడిన గుడ్లు ముప్ఫై, నలభై కుప్పగా ఉంటే ఇంకో కథ. ఒక ఆడది పెట్టెలోకి వెళ్లడం చూసి ఇంకోటి దూరుతుంది, అది కూడా గుడ్లు పెడుతుంది. అలా నాలుగైదు పెట్టి పోతే పొదిగే తల్లి కింద అన్నీ పట్టవు, ఒక్కోసారి వదిలేసి పోతుంది. చెరువు మధ్యలో పెట్టెలు కాలనీ ఇళ్లలా వరసగా, అందరికీ కనపడేలా పెడితే ఈ తంతు ఎక్కువ. అంటే పెట్టెలు రెట్టింపు చేసినా పిల్లలు తగ్గొచ్చు. విడివిడిగా, ఒకదాన్నుంచి ఇంకోటి కనపడకుండా పెట్టడం మంచిది.

పెట్టెలు స్థానికంగా మందని పెంచుతాయి, అందులో అనుమానం లేదు. దేశం మొత్తం మీద బాతు కోలుకున్నది మాత్రం ప్రధానంగా చెట్లు మళ్లీ పెరిగి ముదరడం వల్ల, బీవర్లు తిరిగి రావడం వల్ల, ఇరవై మూడేళ్లు కాల్పులు ఆగడం వల్ల. మిసిసిపి పల్లపు అడవి ఒకప్పుడు దాదాపు రెండున్నర కోట్ల ఎకరాలు, అందులో మిగిలింది ఐదో వంతు. మిగిలినదాన్ని కొని కాపాడటానికి డక్ స్టాంపు డబ్బులు వాడతారు, స్టాంపు ధర 25 డాలర్లలో దాదాపు అంతా భూమికే పోతుంది.

మిగతా బాతులతో పోల్చి చూస్తే

లిమిట్ ఎప్పుడూ పైకే పోతుందనుకోనక్కర్లేదు. అట్లాంటిక్ దారిలో మల్లార్డ్‌లు తగ్గుతున్నాయని 2019లో రోజుకి నాలుగున్న కోటాని రెండు చేశారు, 2023లో మళ్లీ నాలుగు చేశారు, అందులో ఆడవి రెండే. మిసిసిపి దారిలో నీలి రెక్క టీల్ తగ్గిందని 2025లో సెప్టెంబర్ టీల్ సీజన్‌ని పదహారు రోజుల నుంచి తొమ్మిదికి కోశారు. అదే ఏడు పిన్‌టెయిల్ అనే ఇంకో బాతు కోటాని ఒకటి నుంచి మూడుకి పెంచారు, దాని కోసం లెక్క వేసే పద్ధతినే మార్చారు. వుడ్ డక్ మాత్రం 2008 నుంచి కదల్లేదు. ఇంకో విశేషం, 2019 నుంచి అట్లాంటిక్ దారిలో సీజన్ ఎన్ని రోజులుండాలన్నది ఒక్క మల్లార్డ్‌ని చూసి కాకుండా నాలుగు జాతుల్ని చూసి తేలుస్తున్నారు, అందులో వుడ్ డక్ ఒకటి. అంటే ఇప్పుడు తనకున్న మూడు మాత్రమే కాదు, మిగతా బాతుల సీజన్ పొడవు కూడా కొంత దీని మీద ఆధారపడి ఉంది.

మన దగ్గర ఈ లెక్క ఎందుకు లేదు

తెలుగు రాష్ట్రాల్లో పాఠకుడికి ఇదంతా వింతగా ఉండొచ్చు. ఇక్కడ బాతుని కొట్టడమే నేరం. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత కూడా కొన్నాళ్లు లైసెన్సు మీద చిన్న వేటకి అవకాశం ఉండేది, 1991 సవరణతో అదీ పోయింది. అంతకుముందు సంగతి చెప్పాలంటే 1938లో భరత్‌పూర్‌లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్క రోజులో 4,273 పక్షుల్ని కొట్టింది, ఆ అంకె అక్కడ రాతి మీద చెక్కి ఉంది. లిమిట్ అన్న ఆలోచనే లేని కాలం అది.

వేట లేకపోతే వేట లెక్క ఉండదు, రెక్కల కవర్లూ ఉండవు. మనకున్న ఆధారం ప్రధానంగా 1987 నుంచి ప్రతి జనవరి జరిగే ఆసియా నీటి పక్షుల గణన, దానికి స్వచ్ఛందంగా వచ్చే పక్షి ప్రేమికులు. కొల్లేరులో గానీ పులికాట్‌లో గానీ బాతులు తగ్గాయన్నప్పుడు వచ్చే చర్చ మాత్రం ఇదే: చచ్చాయా, పక్క చెరువుకి పోయాయా? చేపల చెరువుల గట్లు, నీటి మట్టం, గడ్డి, వీటిని చూడకుండా పక్షుల అంకె ఒక్కటే చదివితే ఏమీ తేలదు. మన ఊరి చెరువుల్లో తామరాకుల మధ్య తిరిగే కాటన్ పిగ్మీ గూస్ అనే తెల్లటి బుల్లి బాతు కూడా వుడ్ డక్ లాగే చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది, దాని పిల్లలూ అలాగే దూకుతాయి. గట్టు మీద ముసలి చెట్టుని రోడ్డు వెడల్పు కోసం కొట్టేస్తే, ఎవరూ తుపాకీ ఎత్తకుండానే ఆ చెరువులో ఒక జంట తగ్గుతుంది.

వుడ్ డక్ లిమిట్ మళ్లీ రెండుకి రావాలంటే

అది జరగాలంటే కొన్ని సూచనలు కలిసి రావాలి. రెక్కల సర్వేలో పెద్ద ఆడవాటికి పిల్లల నిష్పత్తి వరసగా కొన్నేళ్లు పడిపోవాలి. రింగు వేసిన ఆడవి ఏడాది తిరిగేసరికి బతికి ఉండే శాతం తగ్గాలి. రింగు పడ్డ వందలో వేటకి పోయేవి పెరగాలి. ఒక్క ఏడు ఒక్క వాగులో ఖాళీ కనిపించడం వీటిలో దేనికీ సాక్ష్యం కాదు, కానీ ఆ వాగులో రింగులు వేసే బృందం ఉంటే ఆ ఖాళీ లెక్కలోకి ఎక్కుతుంది. రింగులు వేయని కౌంటీలో పదేళ్లు బాతు కనపడకపోయినా కాగితంలో ఏ మార్పూ రాదు. ఫిర్యాదు చేసేవాళ్లు రాష్ట్ర అధికారులని అడగాల్సిన మొదటి ప్రశ్న లిమిట్ గురించి కాదు. "మా దగ్గర ఆగస్టులో ఎన్ని ఆడవాటికి రింగులు వేశారు, వాటిలో ఎన్ని అక్టోబర్‌లో పడ్డాయి, ఎన్ని జనవరిలో పడ్డాయి" అని అడగాలి. అక్టోబర్ అంకె పెద్దదైతే మాట్లాడాల్సింది ప్రారంభ తేదీ గురించి.